చెల్లికి చెప్పక తప్పని మాట

చెల్లాయికి,

ఫోన్‌లో చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను. పాపకు తగ్గని ఆ దగ్గు జలుబు వల్ల కాదట. ఊపిరితిత్తిలో గడ్డ ఉంది. పిల్లల్లో చాలా అరుదుగా వచ్చే క్యాన్సరట. నా రక్తం కూడా పరీక్ష చేశారు.

"జన్యువులో లోపం మీ నుంచే వచ్చిందమ్మా. మీ తప్పేం లేదు," అంది డాక్టరమ్మ. తప్పు లేదంటే మాత్రం ఊరట ఎక్కడిది?

ఆ లోపం నీలోనూ, నీ బాబులోనూ ఉండొచ్చట. ఉన్నా అందరికీ జబ్బు రాదట. వాడు నడక నేర్చాడని నువ్వు మురిసిపోతుంటే ఈ మాట రాయడానికి చేతులు రావడం లేదు. దగ్గు లేకపోయినా వాణ్ణి తీసుకెళ్లి చూపించు.

రేపే పాపకు ఆపరేషన్. "అమ్మా, నువ్వూ లోపలికి వస్తావుగా?" అని ఇందాక అడిగింది. తల ఊపాను. నన్ను తలుపు దాకానే రానిస్తారు.

అక్క