మేఘధ్వజుని పచ్చని ఉత్తరీయం

1967 నవంబరు 7, మంగళవారం

ఇవాళ మండపంలో ఉపన్యాసం సాగలేదు. శరణాగతి గురించి మొదలుపెట్టాను. ముందు వరుసలో కుర్రాళ్లు... ఒకరి చెవిలో ఒకరు. గ్రంథం మూశాను. ఏమిటన్నాను. యాదగిరి లేచాడు — వెల్డింగ్ దుకాణంలో పని, నా మాటంటే ప్రాణం పెట్టేవాడు.

“అబిడ్స్‌ల బోర్డు కట్టిన్రు స్వామీ. మన మేఘధ్వజునికి ఆకుపచ్చ గుడ్డ కప్పిన్రు.”

అందరివీ ఏడుపు ముఖాలు. ఇంట్లో ఎవరో పోయినట్టు.

మేఘధ్వజుడు వారపత్రికలో బొమ్మల కథ నాయకుడు. ముఖానికి ముసుగు, భుజాన ఉత్తరీయం, నాలుక మీద నారాయణ నామం. నాంపల్లిలో చదవని కుర్రాడు లేడు. ఆ కథనే ఎరగా వేసి ఈ పిల్లల్ని మండపం మెట్లెక్కించాను. ఈ వారం మేఘధ్వజుడు ఏం చేశాడో చెప్పి, అక్కడి నుంచి పురాణంలోకి లాక్కుపోయేవాణ్ని. ఇప్పుడు సినిమా తీశారు. శుక్రవారం విడుదల.

రేపు కళ్లారా చూస్తాను.

నవంబరు 8, బుధవారం

చూశాను.

బేగం బజారులో మా మిరపకాయల కొట్టు మూయగానే నేరుగా అబిడ్స్ నడిచాను. టాకీసు ముందు రెండంతస్తుల బోర్డు. కింద గుంపు. ఎవరూ హీరోయిన్‌ను చూడడం లేదు, అందరూ వాడి బట్టలే.

“గిదేంది, తోటకూర కట్ట లెక్కున్నడు.”

“ముసుగు మంచిగనే ఉంది గదనే.”

“ముసుగు సంగతి ఇడువు. లాగు సూడు, సర్కస్‌ల ఉయ్యాలూగెటోని లాగు.”

“కథల గిట్ల లేడు. గీడు మనోడు కాదు.”

ఉత్తరీయం చిలక రంగు. పీతాంబరం ఎక్కడ? స్వామి నడుముకుండే పసుపుపట్టు, భక్తుడి భుజానికి ప్రసాదంగా దిగిన పట్టు... ఎక్కడ?

సాయంత్రం మండపంలో నోరు నిప్పయింది. నిండుసభలో చీర లాగిన చేతులకూ ఈ చేతులకూ తేడా ఏమిటి అన్నాను. కుట్టినవాడు, కట్టినవాడు, చూస్తూ కూర్చున్నవాడు — అందరిదీ ఒకటే పాపం అన్నాను. పిల్లలు లేచి నిలబడ్డారు. నామఘోష వీధి దాకా వినపడిందట. ఒళ్లు పులకరించింది.

ఇంటికొచ్చేసరికి సత్తయ్య కూర్చుని ఉన్నాడు. నా భార్య రాజమ్మకు తమ్ముడు. స్టేషను రోడ్డులో నాటకాల బట్టలు కిరాయికి ఇచ్చే దుకాణం. ముఖం వెలిగిపోతోంది. టాకీసు వాళ్లు మేఘధ్వజుని వేషాలు నాలుగు కుట్టమన్నారట. మొదటి ఆట రోజు నలుగురు మనుషులు అవి కట్టుకుని గేటు దగ్గర నిలబడాలి. అందులో ఒకడు తనే.

“జర సూడు బావా, రంగెట్ల గుదిరిందో.”

మూట విప్పాడు. అదే చిలక పచ్చ. దీపం వెలుగులో మెరుస్తోంది.

రాజమ్మ నన్నే చూస్తోంది. నామఘోష ఇక్కడికీ వినపడింది కాబోలు.

బాగుందన్నాను.

నవంబరు 9, గురువారం

పొద్దున. అన్నం సయించలేదు.

మధ్యాహ్నం. యాదగిరి కొట్టుకే వచ్చాడు. మిర్చి ఘాటుకు తుమ్ముతూ, నవ్వుతూ.

“రేపు పొద్దటాటకు గేటు కాడ ఉంటం స్వామీ. ఏషం కట్టినోళ్ల గుడ్డలు గుంజి ఆడనే అగ్గి వెడ్తం.”

“మనుషుల మీది గుడ్డలురా అవి.”

“ఇడిస్తె ఇడుస్తరు. ఇడువకుంటె వాళ్ల ఖర్మ.”

“కట్టేది ఎవరో తెలుసా?”

“ఎవడైతే ఏంది? కుట్టినోడు, కట్టినోడు ఒక్కటేనని మీరే జెప్పిన్రు.”

వెళ్లిపోయాడు. సత్తయ్య పేరు నా నోట రాలేదు.

సాయంత్రం. పాత సంచికలన్నీ నేల మీద పరిచాను. పీతాంబరం అన్న మాట దొరికితే పిల్లల ముందు తలెత్తుకోవచ్చు. దొరకకపోతే వాళ్లను ఆపవచ్చు. ఏది దొరకాలని కోరుకున్నానో... స్వామికే తెలియాలి.

పీతాంబరం లేదు. ఎక్కడా లేదు. మొట్టమొదటి బొమ్మ కింద ఉన్నది — భుజాన పచ్చని ఉత్తరీయం. అంతే. బొమ్మలన్నీ నల్ల సిరావి. రంగు చూసినవాడెవడు?

పచ్చ.

నాకు పచ్చ అంటే పసుపు. బడికి పోలేదు, గ్రంథం ముందేసుకుని అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ని. అందులో పచ్చని వలువ అంటే స్వామి కట్టిన బంగారు పట్టు. వేరే పచ్చ ఉంటుందని తోచలేదు. పీతాంబరమని పిల్లలకు చెప్పింది నేను. వాళ్ల కళ్లకు పసుపు పూసింది నేను. సినిమావాళ్లు ఉన్న మాటను ఉన్నట్టు చదువుకున్నారు — లేక వాళ్లే తప్పారా? రాసినాయనది బెజవాడ వైపట. ఆయన మనసులో ఏ పచ్చ ఉందో...

రాజమ్మకు చెప్పాను.

“నాంపల్లి టేషన్ల గార్డు పచ్చజెండ ఊపుతడు. గది పసుపుదా?”

“మరి పచ్చకామెర్లో?”

“కామెర్ల సంగతి తర్వాత. నా తమ్ముని సంగతి జెప్పు.”

మండపానికి వెళ్లాను. కూర్చోకుండానే చెప్పేశాను. పచ్చ అంటే రెండూ అవుతుంది, పీతాంబరమన్నది నా మాట, కథలోది కాదు, రేపు ఎవరూ వెళ్లవద్దు. యాదగిరి లేచాడు, చేతులు కట్టుకునే.

“నిన్న పసుపంటిరి. ఇయ్యాల రెండంటున్రు. రాత్రి ఇంట్ల ఏమన్న మాటలైనయా స్వామీ?”

వెనక నుంచి ఎవరో — “బామ్మర్దే కుడుతున్నడంట గద.”

నవ్వారు. నా మండపంలో. నిన్న నామఘోష చేసిన గొంతులే. నవ్వుతూనే మెట్లు దిగిపోయారు. ఒక్కడు ఆగి గ్రంథానికి దండం పెట్టాడు. నాకు పెట్టలేదు.

అబద్ధమాడని రాజు ఒక్క మాటను గొంతులో నొక్కితే, నేల తాకని రథం నేలకు దిగింది. కొట్టులో ఆ పేరు నొక్కినవాణ్ని. నాకు దిగడానికి రథం కూడా లేదు.

అక్కడి నుంచి స్టేషను రోడ్డు. సత్తయ్యకు అంతా చెప్పాను, వెళ్లవద్దన్నాను. కత్తెర కింద పెట్టలేదు.

“ఇన్నేండ్ల సంది దేవుని ఏషాలు, రాజు ఏషాలు మందికే కట్టబెట్టిన బావా. ఒక్కనాడన్న నేను కట్టిన్నా? రేపు కడ్త.”

“కొడతారురా.”

“నువ్వు జెప్పిన మాటకే గద కొట్టేది. నువ్వే ఆపు.”

ఆపలేకపోయానని చెప్పాను. దారం కొరికి, మళ్లీ సూదిలోకి ఎక్కించాడు.

ఠాణాకు పోతే? పేర్లు అడుగుతారు. యాదగిరి పేరు రాయించి వాణ్ని లోపల వేయించే నోరు నాకుందా?

నవంబరు 10, శుక్రవారం

తెల్లవారగానే సత్తయ్య వచ్చాడు. వేషం కట్టాల్సిన నలుగురిలో ఒకడు భయపడి రానన్నాడట. ఒక జత మిగిలింది.

నాకిమ్మన్నాను.

నవ్వులాట అనుకున్నాడు. చొక్కా విప్పాను. అప్పుడు నమ్మాడు.

బిగుతు లాగు నా వల్ల కాదు. ధోవతి మీదే ఉత్తరీయం. ముసుగు తీసి పక్కన పెట్టాను.

“ముసుగు లేకుంటె మేఘధ్వజుడెట్లయితవ్ బావా?”

“పిల్లలకు ముఖం కనపడాలి. చూశాక కూడా గుంజుతామంటే, ముందు నాది గుంజుతారు.”

రాజమ్మ నా భుజం మీద ముడి వేస్తోంది. ముడి ఉంటే లాగగానే ఊడివచ్చే గుడ్డ కాదిది, మెడకు బిగుస్తుంది — అది చూసి ముడి విప్పేసింది. ఊరికే కప్పింది.

ఇది రాసేలోగా రిక్షా వచ్చింది. రిక్షావాడు ఇప్పుడే అబిడ్స్ నుంచి వస్తున్నాడు. గన్‌ఫౌండ్రీ వైపు మలుపులో గుంపు ఉందట. ఎంతమంది అంటే చేతులు చాచాడు. అందరి భుజాల మీదా పసుపు తువ్వాళ్లట. కొత్తవి.

సత్తయ్య ఎక్కి కూర్చున్నాడు, ముసుగు కట్టుకుని. గుంపున్న ముందు రోడ్డున పోదామా, వెనక సందులోనుంచా అని రిక్షావాడు అడుగుతున్నాడు. సత్తయ్య నా వైపు తిరిగాడు. ముసుగులో కళ్లు మాత్రమే కనపడుతున్నాయి.

ముందు రోడ్డు అంటాను. అనాలి...