అగ్గిపెట్టెలో అమ్మ

పంజగుట్ట,
మార్చి 2.

అక్క అంజమ్మకు తమ్ముడు ఆనందం నమస్కారాలు.

ఇక్కడ నేనూ ఉషా క్షేమం. నీ క్షేమం ఫోన్‌లో కనుక్కుందామంటే, అమ్మ పదో దినం నాడు నన్ను బ్లాక్ చేసినదానివి ఇంతవరకూ తీయలేదు. పంజగుట్టకూ అమీర్‌పేటకూ మధ్య మెట్రోలో ఒక్క స్టేషన్. ఆ దూరానికి స్పీడ్ పోస్టు చేస్తుంటే కౌంటర్‌లో ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

ఈ నెల 28న అమ్మ సంవత్సరీకం కదా. ఎస్.ఆర్. నగర్ హాల్లో చుట్టాలందరి ముందు వేయడానికి అమ్మ మీద సినిమా తయారుచేశాను. మన నిరోష తీసిన వీడియోలన్నీ నువ్వు మెమరీ కార్డులో పంపావు కదా, వాటిని ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో నేనే ఎడిటింగ్ చేశాను. మొత్తం నలభై జీబీ. ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కితే ఆరు గంటలు పడుతుందంది. ‘సేవ్’ నొక్కితే ఒక్క సెకను! తెలివైనవాడు ఏది నొక్కుతాడు? నలభై జీబీ కాస్తా రెండు వందల కేబీ అయి కూర్చుంది. మన సిరిసిల్లలో అగ్గిపెట్టెలో పట్టే చీర నేసినవాళ్ళున్నారు. నేను ఏకంగా అమ్మనే పట్టించాను. పెన్‌డ్రైవ్ పంపుతున్నాను, చూసి తరించు.

ఇట్లు,
ఆనందం

తా.క.: ల్యాప్‌టాప్ నిండిపోయిందని అసలు వీడియోలన్నీ తీసేశాను. నీ కార్డు కూడా శుభ్రంగా తుడిచి ఇదే కవర్లో పెట్టాను. థాంక్స్ చెప్పక్కర్లేదు.


అమీర్‌పేట,
మార్చి 6.

తమ్ముడు ఆనందానికి అక్క దీవెనలు. దీవించిందని సంబురపడకు, అలవాటుల రాసిన.

నీ పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టిన, నడువలే. మా టైలర్ షాపు పైన కంప్యూటర్ పాఠాలు చెప్పే భానుచందర్ ఉన్నడు, నా తాన ప్యాంట్లు పొట్టి చేయించుకుంటడు. ఆయనతోని పెట్టించిన. తెర నిండ నల్లటి గళ్ళు, గళ్ళల్ల ఎర్ర గీతలు. అమ్మ లేదు, అమ్మ గొంతు లేదు. నడుమల పెద్దక్షరాలు మాత్రం వచ్చినయి: ‘కన్నతల్లిని కంటికి రెప్పలా కాచిన ఆనందం సమర్పించు’.

రెప్పనట రెప్ప! మూడేండ్లు మంచంల ఉన్న అమ్మకు ఎత్తిపోసింది నేను, నా బిడ్డ నిరోష. పదో దినం నాడు చుట్టాల ముంగట గిదే మాట అన్నవనే గదరా నిన్ను బ్లాక్ చేసింది! వీడియోలు నిజంగనే తీసేసినవా, నా మీద కసితోని దాచినవా? సంవత్సరీకం నాడు యాభై మందికి ఎర్ర గీతలు చూపెట్టాల్నా?

నీ అక్క,
అంజమ్మ

తా.క.: గదే పెన్‌డ్రైవ్‌ల ఉష కాకరకాయ కారం చేసే వీడియో ఉన్నది. మంచిగ నడిచింది. అమ్మ ఒక్కతే నడువలే.


పంజగుట్ట,
మార్చి 9.

అక్కకు నమస్కారాలు, మనసు నొచ్చుకున్నా సరే.

దాచానా? నేనా? పదిహేను రోజులు సెలవు పెట్టి చేసిన పని అక్కా ఇది! లోపం నీ టీవీలో ఉంది. ఇక ఆ భానుచందర్ అంటావా, ఆయన ఫీజు తీసుకుని నేర్పేది నేను ఉత్తపుణ్యానికి నేర్చుకున్నానని కడుపుమంట.

తెర నల్లగా ఉండటానికి కారణం ఫైలు ఇంకా బరువుగా ఉండటమే. అందుకే ఈసారి జిప్ చేశాను. నలభై కేబీకి దిగింది. చిన్నదైతే తేలిగ్గా నడుస్తుంది. ఇంత కుదిస్తే మొహాలు కొంచెం మసకబారతాయట. పర్వాలేదు, అమ్మ ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా.

ఇట్లు,
ఆనందం

తా.క.: ‘పంపేముందు మనమైనా ఒకసారి చూద్దామండీ’ అంది ఉష. చేసినవాడికి తెలియదా అన్నాను.


అమీర్‌పేట,
మార్చి 13.

తమ్మీ,

భానుచందర్ అసలు సంగతి చెప్పిండు. నువ్వు పంపింది వీడియోనే కాదట. ఏ వీడియోల ఎక్కడ కత్తెర పెట్టినవో రాసుకున్న చీటీ అట. నా పనిల చెప్పాల్నంటే కొలతల చీటీ ఉంది, బట్ట లేదు. ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కితేనే బట్ట కుట్టి చేతికొస్తదట. నువ్వు చీటీని భద్రంగ మడిచి బట్టను కాలవెట్టినవ్. నీ అగ్గిపెట్టెల చీర లేదురా, ఆనందం.

అయితే గాయె, చీటీ అన్న ఉన్నది గదా, చదువు భానూ అన్న. ప్రతి వీడియోకు పేరు పెట్టినవ్, మెచ్చుకోవాలె. మొత్తం అరవై మూడు. ‘అక్క అన్నం తినిపించేది’, మూడు నిమిషాలల్ల నువ్వు ఉంచింది నాలుగు సెకన్లు. ‘అక్క తల దువ్వేది’, రెండు సెకన్లు. ‘అక్క మందు పోసేది’, సున్న. ‘ఆనందం యాపిల్ పండు ఇచ్చేది’ మాత్రం మొత్తం ఉంచినవ్. మూడుసార్లు ఉంచినవ్, ఒకసారి స్లో మోషన్ల. నోట్ల ఒక్క పన్ను లేని అమ్మకు యాపిల్ పండు తెచ్చినోనివి నువ్వొక్కనివే. భానుచందర్ చదువుతుంటే నాకే సిగ్గయింది.

నేనున్న కాడల్లా కత్తెర పెట్టినవ్. నీకేం అన్యాలం చేసిన్రా నేను? గదొక్కటి రాయి. అబద్ధం రాస్తే సంవత్సరీకానికి రాకు.

అంజమ్మ

తా.క.: మనిషి అబద్ధమాడుతడు గని చీటీ ఆడదు. పాతికేండ్ల సంది చూస్తున్న.


పంజగుట్ట,
మార్చి 16.

అక్కా,

నీ ఉత్తరం చదివి, అప్పుడు తెరిచి చూశాను. నాకూ ఎర్ర గీతలే వచ్చాయి. ల్యాప్‌టాప్ అంతా వెతికాను, అమ్మ ఎక్కడా లేదు. నా ఫోన్‌లో అమ్మది ఒక్క వీడియో కూడా లేదు. ఉండాలంటే నేను అమ్మ దగ్గర ఉండాలి కదా.

నీ మీద కోపంతో కత్తిరించలేదు. నువ్వున్న ప్రతిచోటా అమ్మ ఒకటే మాట అంటుంది. నువ్వు ముద్ద పెడుతుంటే ‘ఆనందం వచ్చిండా?’ తల దువ్వుతుంటే ‘ఆనందం వచ్చిండా?’ నువ్వేమో ప్రతిసారీ ‘తోవల ఉన్నడమ్మా, వస్తుండు’ అంటావు. మూడేళ్ళు తోవలోనే ఉన్నాను, ఒక్క స్టేషన్ దూరానికి. వచ్చింది ఒక్కసారి, ఆ యాపిల్ పండుతో. యాభై మంది ముందు ఆ మాట ఎలా వినిపించను? మాట తీసేస్తుంటే దాంతో నువ్వూ పోయావు. తీయగా తీయగా చివరికి యాపిల్ పండే మిగిలింది.

ఇప్పుడా మాటే ఒక్కసారి వినాలని ఉందక్కా. నాకు సిగ్గు లేదు, తిట్టు. జర నిరోష ఫోన్‌ల ఏమన్న మిగిలిందేమో చూడు, నీ కాళ్ళు మొక్కుత.

నీ ఆనందం

తా.క.: ఆ యాపిల్ పండు కూడా ఉషే నా చేతికిచ్చి పంపింది.


అమీర్‌పేట,
మార్చి 20.

ఆనందానికి,

నిజం రాసినవ్. గందుకే నేను సుత నిజం రాస్తున్న.

కస్టమర్ తెచ్చిన జాకెట్ గుడ్డకే రెండుసార్లు కొలిచి కత్తెర పెడత. అమ్మ వీడియోలు నకలు తీయకుంట నీ చేతికిస్తనా? కార్డు పంపకముందే అన్ని భానుచందర్ కంప్యూటర్ల పెట్టిచ్చిన. మొదటి ఉత్తరం నాడే చెప్పొచ్చు. నీ నోట ఒక్క నిజం వస్తదేమోనని ఆగిన.

నీ చీటీ మస్తు పనికొచ్చింది. భానుచందర్ దాన్ని తిరగేసిండు. నువ్వు ఉంచింది తీసేసి, నువ్వు తీసేసింది ఉంచిండు. ఎక్స్‌పోర్ట్ నొక్కి ఆరు గంటలు ఆగినం, గా టైంల నేను నాలుగు జాకెట్లు కుట్టిన. గంటన్నర సినిమా అయింది. అమ్మ గా మాట నలభై ఒక్కసారి అడిగింది, నిరోష లెక్కవెట్టింది. ‘చిన్నగ చేయాల్నా ఆంటీ?’ అన్నడు భానుచందర్. వద్దన్న. మూడేండ్లు చిన్నగ ఎట్లయితయి?

హాల్ల గిదే వేస్తున్నం. ఫికర్ చేయకు, నీ పెద్దక్షరాలు తీయలే. ‘కంటికి రెప్పలా కాచిన ఆనందం సమర్పించు’ అని మొదలే వస్తది. ముందు వరుసల నీకు కుర్చీ ఏస్తం. రా. రాకపోతే మాత్రం, ఆనందం ఏడి అని చుట్టాలు అడిగితే, తోవల ఉన్నడని ఈసారి నేను చెప్పను.

నీ అక్క,
అంజమ్మ

తా.క.: ఆఖరి వీడియోల అమ్మ నిన్ను అడుగలే. అప్పటికి నువ్వొచ్చిపోయి ఏడాదిన్నర. నేనే అడిగిన, ‘ఆనందానికి ఫోన్ చేయాల్నా అమ్మా?’ అని. ‘ఎందుకు బిడ్డా, నిన్ననే గదా వచ్చిపోయిండు, యాపిల్ పండు తెచ్చిండు’ అన్నది.