ఎల్లమ్మ చెప్పని పేరు

ఫిబ్రవరి 3, 2000, గురువారం

కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న Y2K వచ్చి వెళ్లి నెల దాటింది. మా కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్‌లో ఏమీ పేలలేదు. ఒక్క ట్యూబ్‌లైట్ పోయింది. అది నేనే మార్చేశాను.

ఇవాళ మా హెడ్ అచ్యుతరామయ్య సారు అందరినీ పిలిచి మీటింగ్ పెట్టారు. ఈ నెల 26న ఓపెన్ హౌస్ అట. చుట్టుపక్కల కాలనీల వాళ్లని పిలిచి, ఇక్కడ ఏం రీసెర్చ్ జరుగుతోందో చూపిస్తారట. మంచిదే. మా యూనివర్సిటీ ఫిల్మ్‌నగర్‌లో ఈ బంగళా కిరాయికి తీసుకోకముందు ఇక్కడ షూటింగులు జరిగేవి. ఇప్పటికీ ఎవరో ఒకరు గేటు దగ్గర ఆగి, ఆ మెట్లు ఒకసారి చూసి వెళ్తామంటారు. హీరోయిన్ ఏడ్చుకుంటూ దిగిన మెట్లట. ఇప్పుడు ఇంటర్నల్ మార్కులు చూసుకుని పిల్లలు దిగుతున్నారు. ఏడుపు మారలేదు.

ఫిబ్రవరి 8, మంగళవారం

సెమినార్‌కి టీ తీసుకెళ్లాను. అనఘ మాట్లాడుతోంది. ఎంటెక్ అమ్మాయి, నన్ను అంకుల్ అంటుంది. పేర్లు తప్పుగా పడి ఏ కార్డూ పనికిరాని వాళ్లు కాలనీల్లో బోలెడుమంది ఉన్నారని, వాళ్ల కోసం ఒక ప్రోగ్రాం రాసింది. రెండు లిస్టులు ఇస్తే, ఒకే మనిషి రెండు పేర్లతో ఎక్కడున్నా పట్టుకుంటుందట. ఒక లిస్టు పిల్లలు ఇంటింటికీ తిరిగి చేస్తున్న సర్వే. ఇంకోటి, ముందుగా ట్రయల్‌కి, మా స్టాఫ్ లిస్టు.

అసలు పేరే వేరైతే ఎట్లా అని ఎవరో అడిగారు. పేరు మార్చుకోవచ్చు సార్, పేరు చుట్టూ ఉన్నవి అంత తేలిగ్గా మారవు అంది అనఘ. తండ్రి పేరు, ఇంటి నంబరు, భార్య పేరు. వాటితో పట్టుకుంటుందట.

ట్రేలో కప్పులు గలగలమన్నాయి. ఏమయ్యా బాలనర్సయ్యా, చలేస్తోందా అని సారు నవ్వారు. ఏసీ గది గదా సార్ అన్నాను. ఆ గదిలో ఏసీ లేదు.

అదే రోజు, సాయంత్రం ఆరున్నర

రాయకూడదు. రాస్తున్నాను.

నేను బాలనర్సయ్యను కాను. బాలనర్సయ్య మా అన్న. మూడో తరగతిలో ఉండగా జ్వరమొచ్చి పోయాడు. నాకప్పుడు ఆరేళ్లు. బళ్లో పిల్లలు తక్కువ. ఒక పేరు కొట్టేస్తే బడే ఎత్తేస్తారని మా పంతులుకి భయం. చిన్నోణ్ణి పంపు, ఆ పేరు మీదనే కూసుంటడు అని మా నాయనతో అన్నాడు. హాజరు పిలిచినప్పుడు అన్న పేరుకి నేను 'వచ్చిన సార్' అన్నాను. ఒకటీ రెండూ లేకుండా నేరుగా మూడో తరగతి. ఏడో తరగతి సర్టిఫికెట్ అన్న పేరు మీద వచ్చింది. దాని మీద దొరికిన ఈ అటెండర్ నౌకరీ ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్నాను. అన్న నాకంటే మూడేళ్లు పెద్ద కాబట్టి మూడేళ్లు ముందే రిటైర్ అవుతాను. దొంగతనం చేసి నష్టపోయిన దొంగని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఊళ్లో, ఇంట్లో, రేషన్ కార్డులో నేను హనుమంతునే. ఇన్నేళ్లలో రెండు పేర్లూ ఎదురుపడలేదు. ఒకటి మోతీనగర్‌లో ఉంటుంది, ఒకటి ఫిల్మ్‌నగర్‌లో పనిచేస్తుంది.

పోయిన ఏడాది డ్రైవర్ రామకృష్ణది దొంగ సర్టిఫికెట్ అని తేలితే, మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకముందే గేటు దాటించారు. పోలీసుల దాకా పోయింది. ఆ డబ్బా తీసుకెళ్లి చేతికిచ్చింది నేనే.

ఫిబ్రవరి 9, బుధవారం

సర్వే మోతీనగర్ దాకా రాదులే.

ఫిబ్రవరి 13, ఆదివారం

వచ్చింది.

నేను కూరగాయలు తెచ్చేలోపే వచ్చి వెళ్లిపోయింది. ఎల్లమ్మ సంబరంగా చెప్పింది. కళ్లద్దాల పిల్లట, అనఘ అట, ఛాయ్ తాగి గ్లాసు తానే కడిగిపెట్టిందట. మామగారి పేరు, ఇంటి నంబరు అన్నీ అడిగి రాసుకుందట. మీ వారి పేరేంటమ్మా అని కూడా అడిగిందట.

ఏం జెప్పినవే అన్నాను.

మొగని పేరు నోటితోని ఎట్ల జెప్తరు, సిగ్గుగాదా అంది ఎల్లమ్మ. రేషన్ కార్డు తెచ్చి చేతిల వెట్టిన, ఆ పిల్లనే సూసి రాసుకున్నది అంది.

ఎవరైనా అడిగితే ఆఫీసు పేరు చెప్పమని నౌకరీలో చేరిన కొత్తలోనే నేర్పాను. ముప్పై ఏళ్లుగా ఏ పేరూ పలకని మనిషికి ఏ పేరు నేర్పితే ఏం? సిగ్గుపడకుండా ఒక్క అబద్ధం చెప్పి ఉంటే బతికిపోయేవాణ్ణి.

గట్ల జూస్తున్నవేంది, తప్పు జేసిన్నా అంది. లేదు, ఛాయ్‌లో చక్కెర సరిపోయిందా అని ఆలోచిస్తున్నా అన్నాను.

ఫిబ్రవరి 17, గురువారం

ల్యాబ్ తాళాలు నా దగ్గరే ఉంటాయి. పొద్దున ఎవరూ రాకముందు బీరువా తీశాను. సర్వే కాగితాల కట్టలో మా ఇల్లు దొరికింది. గుండ్రటి అక్షరాలు. హనుమంతు, భార్య ఎల్లమ్మ. పైన ఆకుపచ్చ పెన్నుతో ఒక టిక్కు. టిక్కు పడిందంటే కంప్యూటర్‌లోకి ఎక్కినట్టు. కాగితం చింపితే సరిపోయే రోజులు పోయాయి.

అయినా కాసేపు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత ఎక్కడిది అక్కడ పెట్టి తాళం వేశాను.

ఫిబ్రవరి 22, మంగళవారం

26న సెలవు అడిగాను. నువ్వు లేకపోతే కుర్చీలు ఎవరేస్తారయ్యా అన్నారు సారు.

ఫిబ్రవరి 26, శనివారం, సాయంత్రం

వరసగా రాస్తాను.

రెండొందల కుర్చీలు వేశాను. అన్నీ నిండాయి. హాల్లో పెద్ద తెర కట్టారు. అనఘ కంప్యూటర్ దగ్గర, సారు మైకు దగ్గర, నేను నీళ్ల జగ్గుతో గోడ పక్కన. మొదట లక్ష్మిని ఐదు రకాలుగా రాసిన పేర్లు వచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత సర్వేలో రెండుసార్లు ఎక్కిన, తల్లి వేషాలు వేసే మంజులత గారి సినిమా పేరు, అసలు పేరు పక్కపక్కన పడ్డాయి. కిందే వయసు. ఆవిడ లేచి, ఇన్నేళ్లు తెర మీదే దాచుకొచ్చాను, నా వయసు తెర మీద వెయ్యమని ఎవడు చెప్పాడయ్యా అని అరిచింది. హాలంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఈ పేటలో రెండు పేర్లు లేనివాడికి ఒక్క వేషం కూడా దొరకదు కదా అని ఒక్క నిమిషం ధైర్యం వచ్చింది.

తర్వాతి జత నాది.

బాలనర్సయ్య, స్టాఫ్. హనుమంతు, మోతీనగర్. తండ్రి ఒకడే, ఇల్లు ఒకటే, భార్య ఎల్లమ్మ, ఎల్లమ్మ. కింద ఎర్ర అక్షరాలు. ఒకే మనిషి, 96 శాతం. మిగిలిన నాలుగు శాతం మా అన్న.

అరె, మన బాలనర్సయ్యే, ఎవరయ్యా ఈ హనుమంతు అన్నారు సారు మైకులో. తలలన్నీ నా వైపు తిరిగాయి. నా నోరు నన్ను అడక్కుండానే, మా తమ్ముడు సార్, ఒక్క ఇంట్లనే ఉంటం అంది. మరి ఇద్దరి పెళ్లాలూ ఎల్లమ్మేనా అని వెనకనుంచి ఎవరో అన్నారు. మా దిక్కు ఇంటికో ఎల్లమ్మ ఉంటది సార్, ఒక్కరిని పిలిస్తే ముగ్గురు పలుకుతరు అన్నాను. హాలు పగలబడి నవ్వింది. సారు మురిసిపోయారు. చూశారా, మెషీన్‌కి మన ఊళ్లు తెలియవు, ఇది మన రీసెర్చ్ పేపర్లో రాయాలి అని జేబులోంచి పెన్ను తీశారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ తమ్ముణ్ణి ఒకసారి పిలవవయ్యా, పక్కపక్కన నిలబెట్టి అందరికీ చూపిద్దాం అన్నారు.

లేడు సార్, పోయిండు అన్నాను.

నవ్వు ఆగిపోయింది. సారు అయ్యో అని మైకు దించారు.

అనఘ నా వైపు చూసింది. మా ఇంట్లో కూర్చుని ఛాయ్ తాగిన పిల్ల. ఆ ఇంట్లో ఎంతమంది ఎల్లమ్మలున్నారో, ఎంతమంది మొగవాళ్ల చొక్కాలు దండేనికి వేలాడుతున్నాయో చూసిన పిల్ల. తర్వాతి జత నొక్కింది.

ఫిబ్రవరి 27, ఆదివారం

గేటు చప్పుడైతే లేస్తున్నాను. పాలవాడు. పేపరువాడు. పక్కింటి కుక్క.

ఫిబ్రవరి 28, సోమవారం

క్యాంటీన్‌లో అందరూ వచ్చి పరామర్శించారు. తమ్ముడు మంచోడేనా అని అడిగారు. ఫర్వాలేదు అన్నాను.

అనఘ ఇవాళ రాలేదు. హెడ్ గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా డబ్బా వైపు చూసుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంట కాకముందే గబగబా తినేశాను.

ఫిబ్రవరి 29, మంగళవారం

అనఘ ల్యాబ్‌లోకి పిలిచింది. తలుపు దగ్గరగా వేసింది. తెర మీద హనుమంతు ఒక్కడే ఉన్నాడు. తారీకు లేకపోతే రికార్డు క్లోజ్ కాదు అంకుల్, ఎప్పుడు పోయారని రాయమంటారు అని మెల్లగా అడిగింది. తల మాత్రం ఎత్తలేదు.

ఇవాళ్టి తారీకు చెప్పాను. టైప్ చేసింది.

ఇంటికొచ్చి, బయటే నాలుగు చెంబులు నెత్తిన పోసుకుని లోపలికి వెళ్లాను. ఎవరు వోయిండ్రు అని అడిగింది ఎల్లమ్మ.

తెలిసినోడే అన్నాను.