వాడి పక్కన కూర్చోవడం

ఆవణి నెల 2, సోమవారం
అన్న కొడుకు రామసామి వచ్చినాడు. లోపలికి రాలేదు, వాకిట్లోనే. కూతురికి నిశ్చయతాంబూలమట, పదిహేనో తేదీ. "సిన్నైనా, నువ్వొచ్చి మా నైన పక్కన, కింద పరిచే జమక్కాళం మీద కూసుంటేనే తాంబూలం మార్సేది. తోడబుట్టిన పంగాళి లేకుంటే పెండ్లికొడుకోళ్లు ఏమనుకుందురు?"
మూడేళ్లుగా నా బావి దోవకు ముళ్లకంచె వేసి, నన్ను ఊరి పొలాలన్నీ చుట్టి రమ్మంటున్నవాడు. ఇకమీద అన్న అని రాయను. వాడు.
పోకపోతే రక్తం తెగిందని పదిమందిలో చెప్పినట్టే. పోతే... కంచె మాట ఎత్తవచ్చు.
కానీ నేలమీద కూర్చుని ఏడాదైంది. మోకాలు వంగదు. అది వాడికి తెలియకూడదు.

ఆవణి 5, గురువారం
తిరుమంగళం ఆసుపత్రి. డాక్టరమ్మ చిన్నపిల్ల. ఎముకల కొనకు మెత్తటి పొర ఉంటుందట, నాది అరిగింది. ఆ పొరలో దారాలు. దారాల మధ్య సీసాలు కడిగే బ్రష్షులాంటివి — ప్రోటియోగ్లైకాన్. పేరు మళ్లీ చెప్పించుకున్నాను. ఆ కుచ్చులన్నిటికీ ఒకే రకం కరెంటు. ఒకటంటే ఒకదానికి పడదు. తోసుకుంటాయి. ఆ సందుల్లో నీళ్లు నిలుస్తాయి. బరువు వేస్తే కొంచెం బయటికి, తీస్తే మళ్లీ లోపలికి.
"అవి కొట్లాడుకుంటా ఉండబట్టే గదా తాతా, మీరు నిలబడేది." నవ్వింది. నాకు నవ్వు రాలేదు.
నా కుచ్చులు తెగి పొట్టివైనాయి. నీళ్లు నిలవవు. మోకాట్లో సూది వేసింది. జారుడుగా ఉంటుంది గానీ పొర తిరిగి పుట్టదట. నేలమీద కూర్చోవద్దు అన్నది. తల ఊపినాను.

ఆవణి 6
మేకకాళ్ల సూపు. సరోజకు, నేను కట్టుకున్ననాటి నుంచీ ఇదే మొండితనం. "ఆ జిగురంతా మీ మోకాట్లోకి పోవును, తాగండి." కడుపులోనే అరిగిపోతుంది, మోకాటికి చేరదు అని డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పినాను.
"అట్లయితే ఆయమ్మనే వొండిపెట్టమనండి."
తాగినాను.

ఆవణి 9, సోమవారం
గోడ పట్టుకుని అభ్యాసం. కూర్చోగలిగాను. లేవలేకపోయాను. సరోజ చంకల కింద చేతులు వేసి ఎత్తింది. "వాళ్లకు సెప్పేయండి, కుర్చీ ఏస్తారు." చెప్పను.

ఆవణి 12
టీకొట్టు. వాడు బల్లమీద, వీపు నావైపు. నాకు వినబడాలనే — "దొరగారు కుర్చీ అడుగునేమో! నేల అంటితే మర్యాద పోవును గదా." అందరూ నవ్వినారు. గ్లాసు పెట్టి వచ్చేసినాను. మాట నోట్లోనే ఉండిపోయింది, ఎప్పటిలాగే.

ఆవణి 15, ఆదివారం
కూర్చున్నాను. వాడి పక్కన. లోపల ఎముక మీద ఎముక గీరింది. పళ్లు బిగించినాను. తాంబూలం మారింది. వాడు ఇటు చూడలేదు.
భోజనానికి లేవండి అన్నారు. అందరూ లేచినారు. పెద్దవాడు, ముందు వాడు లేవాలి. లేవడు. వాడు కదిలితే, ఎవరూ చూడనప్పుడు, పందిరి గుంజ పట్టుకుని లేద్దామని నేను.
చివరికి ఇద్దరమే.
"పోరా, తిను పో." మూడేళ్లకు మొదటి మాట.
"నువ్వు పో."
"నాకు ఆకల్లేదు."
"నాకూ లేదు."
అప్పుడు చూసినాను. వాడి కుడిచెయ్యి నేలను నొక్కుతోంది. తొడ వణుకుతోంది. పంచె కింద మోకాటికి పట్టీ.
వాడూ నా కాలే చూస్తున్నాడు.
"నీకెన్నాళ్లుగా?" అన్నాడు.
పంచె మోకాటి మీదికి లాక్కున్నాను.
పందిరివాడు వచ్చినాడు, జమక్కాళం చుట్టాలి లేవండయ్యా అని. ఎవడు ముందు లేచినాడో రాయను. కంచె మాట రాలేదు.

ఆవణి 18, బుధవారం
రామసామి ఫోను. "సిన్నైనా, నువ్వు సూపించే డాక్టరెవరు? నైనకు తెలీకుండా అడుగుతుండా."
వెనక వాడి దగ్గు. పక్కనే కూర్చున్నాడు, దొంగ.
"ముందు దోవ తెరవమను" అన్నాను. నా గొంతేనా అనిపించింది.
దగ్గు ఆగింది. ఎవరూ ఫోను పెట్టేయలేదు... ఊపిరి వినబడుతోంది, ఎవరిదో.
చార్జి అయిపోయి నా ఫోను ఆరిపోయింది. చార్జికి పెట్టి, పక్కనే కూర్చున్నాను.