అన్నయ్య చెప్పిన జవాబులు

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాసేది. మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. నీ నడుం నొప్పి తగ్గిందని తలుస్తున్నాను. నువ్వు అక్కడికి వెళ్ళాక నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కుని చదువుకుంటావని ఈసారి అక్షరాలు ఇంకా పెద్దవి చేసి, మాటకూ మాటకూ మధ్య ఎడం వదిలి రాస్తున్నాను. ఒక్క కోరిక. ఈ ఉత్తరాన్ని నీ గదిలో ఉండే నర్సమ్మ చేత చదివించుకోకు. ఎన్ని రోజులు పట్టినా నువ్వే చదువుకో. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను మాట మార్చేస్తాను. మాట మార్చడం నాకు ఎంత బాగా వచ్చేసిందో కింద రాస్తాను.

ముందు నువ్వడిగినవి. అన్నయ్య పన్ను పీకించాం. డాక్టరు దగ్గర కుర్చీలో కూర్చుని, నొప్పి కన్నా ఆ కుర్చీ పైకీ కిందికీ ఎలా వెళ్తోందో చూడటం మీదే ధ్యాస పెట్టాడు. దిగాక నోట్లో దూదితోనే వంగి కింద మోటారు ఎక్కడుందో వెతికాడు. నా పరీక్షలన్నీ పాసయ్యాను. మేడమెట్ల మీద బల్బు ఇంటివాళ్ళు వేయించలేదు, అన్నయ్యే వేశాడు. నువ్వు పంపిన స్వెట్టరు నాకు సరిపోయింది. అన్నయ్యకు భుజాల దగ్గర బిగుతు. నువ్వు వెళ్ళేనాటికి సన్నగా ఉండేవాడు కదా, ఆ కొలతే నీ మనసులో ఉండిపోయింది. ఇప్పుడు పెద్ద పెద్ద మోటార్లు ఒక్కడే ఎత్తుతున్నాడు.

"అన్నయ్య ఫోన్ దగ్గరికి వచ్చి నీ చేత నాతో మాట్లాడించడం లేదెందుకు, నా మీద అలిగాడా" అని అడిగావు. దానికి జవాబు చివర్లో వస్తుంది. అది ఒక్క ముక్కలో చెప్పేది కాదు.

ఇద్దరికీ ఒకే కాగితం మీద ఎందుకు పని జరగదని కూడా అడిగావు. మన వీధి చివర వీసా కాగితాలు నింపే మాస్టారు నాకు మూడుసార్లు విడమరిచి చెప్పారు. అక్కడ పని చేస్తున్న తల్లి దగ్గరికి పెళ్ళికాని పిల్లలు ఇరవై ఒకటి నిండేలోపు వెళ్ళొచ్చు. నాకు ఇంకా నాలుగు నెలలుంది కాబట్టి నా దారి అది. అన్నయ్యకు ఇరవై ఏడు. అతనికి మిగిలినవి రెండు దారులు. ఒకటి, నీకు అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు వచ్చేదాకా ఆగి, అప్పుడు దరఖాస్తు పెట్టడం. దానికి ఎన్నేళ్ళు పడుతుందో మాస్టారే చెప్పలేకపోయారు. రెండోది, వయసు దాటినా తన పని తాను చేసుకోలేని బిడ్డగా వెళ్ళడం. పుట్టు చెవుడు అని డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంది కదా, ఇదే దగ్గరి దారి అన్నారు.

నేను ఇంటికి వచ్చి నీకు ఫోన్ చేస్తే, "ఏం చెబితే పని అవుతుందో అదే చెప్పు తల్లీ, మీరిద్దరూ నా కళ్ళ ముందుంటే చాలు" అన్నావు. నిన్ను తప్పు పట్టడానికి ఈ మాట గుర్తు చేయడం లేదు. నేనూ అదే అనుకున్నాను. ఆరేళ్ళయింది నిన్ను చూసి.

ఇంటర్వ్యూ రోజు అన్నయ్య నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుని, బూట్లు తుడుచుకుని తయారయ్యాడు. దారిలో మాస్టారు అతన్ని చూసి తల పట్టుకున్నారు. "పెళ్ళిచూపులకు వెళ్తున్నట్టున్నాడే మీవాడు. ఇలా వెళ్తే ఆఫీసరుకు జాలెక్కడ కలుగుతుందమ్మాయీ? కాస్త జుట్టయినా చెదరగొట్టుకోమను" అన్నారు. అన్నయ్య ఆయన పెదాలు చూసి నవ్వాడు. ఏదో వేళాకోళం అనుకున్నాడు.

ఆఫీసులో సైగల భాష తెలిసిన ఒకామెను పిలిపించారు. బడిలో నేర్పే సైగలు అన్నయ్యకు రావు కదా. ఆమె కాసేపు చేతులు తిప్పి చూసి, అన్నయ్య సైగలు చూసి, ఇది తనకు తెలిసిన భాష కాదని చెప్పి వెళ్ళిపోయింది. ఈ ప్రపంచంలో ఆ సైగలు తెలిసినవాళ్ళం నువ్వూ నేనూ మాత్రమే. అందుకని అన్నయ్య మాటలు తనకు చెప్పమని ఆఫీసరు నన్నే అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెబుతానని నా చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆయన మాట్లాడింది మన భాష కాదు. నా పెదాల మీద ఆ భాష చదవడం అన్నయ్యకు రాదు. అమ్మా, ఇక్కడి నుంచి నెమ్మదిగా చదువు.

ఆయన అన్నయ్యను అడిగాడు, నువ్వు ఒంటరిగా ఉండగలవా అని. అన్నయ్య ఏం చెప్పాడంటే, ఉండగలను, వంట చేస్తాను, మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ షాపులో పని చేస్తాను, చెల్లెల్ని నేనే చదివిస్తున్నాను అని. నేను ఆయనకు ఏం చెప్పానంటే, అమ్మ లేకపోతే ఉండలేనంటున్నాడు, అన్నీ నేనే చూసుకోవాలి అని.

రోజంతా ఏం చేస్తావని అడిగాడు. అన్నయ్య కాలిపోయిన మోటారు విప్పడం, మాడిన తీగ కోసి తీయడం, కొత్త రాగి తీగ చుట్లు లెక్కపెట్టి చుట్టడం, వార్నిష్ పోసి ఎండబెట్టడం అన్నీ గాలిలో చేసి చూపించాడు. ఎంత శ్రద్ధగా చూపించాడంటే ఆఫీసరు పెన్ను పక్కన పెట్టి చూశాడు. ఇదేమిటని నన్నడిగాడు. ఇంట్లో దారపు ఉండలతో ఆడుకుంటుంటాడు అన్నాను.

చివర్లో అన్నయ్య అరచెయ్యి బల్ల మీద ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు. ఆ బల్లకు ఆనుకుని ఒక నీళ్ళ కూలరు ఉంది, దాని అదురు బల్లలోకి వస్తోంది. "దీని బేరింగ్ పోయింది. ఇలాగే వదిలేస్తే మోటారు కాలిపోతుంది. పానా ఇస్తే ఇప్పుడే విప్పుతానని చెప్పు" అని నాతో సైగ చేశాడు. ఏమంటున్నాడని ఆఫీసరు అడిగాడు. కొత్త చోటు కదా, భయపడుతున్నాడు, ఇంటికి పోదామంటున్నాడు అన్నాను. ఆయన మొహంలో జాలి కనిపించింది. అన్నయ్య దాన్ని చూసి తన మాటలు ఆయనకు నచ్చాయనుకున్నాడు. లేచి ఆయనతో చెయ్యి కలిపాడు.

మన ఇంట్లో బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే. బియ్యం సంచి మీద అక్షరం దగ్గర నుంచి ఆసుపత్రి చీటీ దాకా అన్నీ చదివి చెప్పేదాన్ని. నేను చదివింది చదివినట్టు చెబుతున్నానా అని నువ్వు గానీ అన్నయ్య గానీ ఒక్కనాడు అనుమానపడలేదు. ఆ నమ్మకాన్నే ఆ గదిలో వాడుకున్నాను.

అయిదు వారాలకు కవరు వచ్చింది. ఇద్దరికీ అనుమతి. నీకు ఫోన్ చేసి చెప్పాను, నువ్వు అక్కడ సేవ చేసే ముసలాళ్ళందరికీ చెప్పుకున్నావు. కానీ అన్నయ్య కాగితంలో ఉన్నదంతా నీకు చెప్పలేదు. తన పని తాను చేసుకోలేని వ్యక్తిగా రానిస్తున్నామని, అక్కడ అతను ఏ పనిలోనూ చేరకూడదని రాసి ఉంది. నేను ఆ మాటలు దాటేసి, వెళ్ళొచ్చట అని మాత్రం అతనికి చెప్పాను. అతను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని షాపులో చూపించడానికి పరుగెత్తాడు. నేను ఆపి ఉండాల్సింది. ఏం చెప్పి ఆపాలో తోచలేదు.

సాయంత్రం షాపు మేస్త్రి మన గుమ్మంలో నిలబడ్డాడు. పక్కనే అన్నయ్య. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి మేస్త్రి. అప్పుడూ గొంతు పెంచలేదు.

"ఏమ్మా, నా కొడుకు చేత చదివించాను. వీడు ఏ పనీ చెయ్యలేడని రాసుంది. మరి తొమ్మిదేళ్ళుగా నా షాపులో మోటార్లు చుట్టింది ఎవరు? నేనా? నాకు కళ్ళు కూడా ఆనవు" అన్నాడు.

"అలా రాస్తేనే వీసా వస్తుందండీ" అన్నాను.

"వీడికి తెలుసా?"

మేస్త్రి మాటలు మన భాషలోనే కదా, ఆ పెదాలు చదవడం అన్నయ్యకు వచ్చు. అన్నయ్య ఆయన మొహం చూశాడు, నా మొహం చూశాడు. ఆఫీసులో ఏం చెప్పావో మొత్తం చెప్పమన్నాడు. చెప్పాను. దారపు ఉండల సంగతి కూడా చెప్పాను. కూలరు సంగతి చెబుతుండగా కళ్ళు మూసుకున్నాడు. నీకు తెలుసుగా అమ్మా, అతను కళ్ళు మూసుకుంటే మన మాట అతనికి చేరే దారే ఉండదు. నేను చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నాడు.

నాలుగు రోజులు నా వైపు చూడలేదు. వంట చేసి, గిన్నె నా ముందు పెట్టి, గోడ వైపు తిరిగి తినేవాడు. నీ ఫోన్ వస్తే లేచి మేడ మీదికి వెళ్ళిపోయేవాడు. నువ్వడిగినదానికి ఇదే జవాబు. అలక కాదు. నువ్వు కూడా తనను అలాగే అనుకుంటున్నావా అన్న భయం.

అయిదో రోజు తనే వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఆఫీసుకు నిజం రాయమన్నాడు. మాస్టారు దగ్గరికి వెళ్తే ఆయన కుర్చీలోంచి లేచారు. "నీకేమన్నా మతి పోయిందా? అబద్ధం చెప్పామని మనంతట మనమే రాస్తే నీ ఫైలు కూడా మూసేస్తారు. నాలుగు నెలలు దాటితే నీ వయసు దారి కూడా పోతుంది" అన్నారు. అన్నయ్య బయట నిలబడి మా ఇద్దరినీ అద్దాల తలుపులోంచి చూస్తున్నాడు. ఇంటికొచ్చాక ఆయన అన్నదంతా, నాకు నష్టమయ్యే మాటతో సహా, అతనికి చెప్పాను. అది తెలిసి అన్నయ్య వెనక్కి తగ్గాడు. నీ సంగతి చెడగొట్టను, వద్దులే, రాయకు అన్నాడు.

అయినా రాశాను అమ్మా. ఇంటర్వ్యూలో అతను చెప్పిన ప్రతి జవాబూ, దాని పక్కన నేను చెప్పినదీ రాసి, తప్పు నాది మాత్రమే అని సంతకం పెట్టి నిన్న పంపించాను. వాళ్ళు మళ్ళీ పిలుస్తారో, ఇద్దరికీ తలుపు వేసేస్తారో తెలియదు. నన్ను ఒక్కదాన్నే రమ్మంటే రావాలో వద్దో కూడా తెలియడం లేదు. నీ దగ్గరికి రావాలని ఎంత ఉందో రాస్తే ఈ కాగితం చాలదు. నువ్వు టికెట్లు తియ్యకు. అక్కడ అద్దెకు చూసిన పెద్ద గది వద్దని చెప్పెయ్యి. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ ఫోన్ చెయ్యడం మానకు.

ఇప్పుడు అన్నయ్య నా ఎదురుగానే కూర్చున్నాడు. నీకు చెప్పమని కొన్ని మాటలు చెప్పాడు. ఒక్కో మాటా రాసి, రాసింది మళ్ళీ సైగ చేసి చూపించి, అతను తల ఊపాకే తర్వాతి మాటకు వెళ్తున్నాను. ఇందులో నాదేమీ లేదు.

"అమ్మా. పన్ను నొప్పి పోయింది. స్వెట్టరు చిన్నది. పెద్దది పంపు. నేను మేస్త్రి కన్నా బాగా చుడతాను. అడుగు. చెల్లి తప్పు చేసింది, కొట్టకు. నిన్ను చూడాలి. చాలా చూడాలి. కానీ చేతకానివాడిగా రాను. నువ్వు కూడా అలా అనొద్దు."

ఇట్లు,
నీ కూతురు