బావ వదులు చొక్కా

అక్కా,

పోయినసారి నేను రాసిన కార్డు చూసి హడలిపోయి ఉంటావు. ఇక గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపో. లెక్క కుదిరింది, నా ఉద్యోగం మరో ఏడాది పొడిగించారు.

నేను లెక్కగట్టే గామా కిరణాలు ఎక్కడో దూరపు గెలాక్సీల నుంచి వచ్చేలోపు దారిలోనే కొన్ని హరించుకుపోతాయి. ఆ తరుగు కలిపితేనే అసలు వెలుగెంతో తెలుస్తుంది. నేను కలిపితే ఏ సిద్ధాంతానికీ లొంగనంత వెలుగు వచ్చింది. మూడు నెలలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. పోయిన వారం గుండీ కుట్టుకుంటుంటే, నువ్వు బావకు కుట్టిన మొదటి చొక్కా గుర్తొచ్చింది. కొలతలోనే కుట్టుకు అంగుళం కలిపి రాసుకుని, కత్తిరించేటప్పుడు మళ్ళీ అంగుళం వదిలావు కదా! పరుగెత్తుకెళ్ళి చూశాను. టెలిస్కోపు వాళ్ళు ముందే తరుగు కలిపి అంకెలు ఇచ్చారు. నేను మళ్ళీ కలిపాను.

మా ప్రొఫెసరుగారికి భయపడుతూనే అంతా చెప్పాను. ఆయన పడీపడీ నవ్వి, "వ్యాసం పంపకముందే దొరికింది, బతికిపోయాం. చివర్న కృతజ్ఞతల్లో మీ అక్కగారి పేరు రాయమ్మా" అన్నారు.

మిషను బెల్టు మార్పించావా? చంటిదానికి ముద్దులు. ఆ చొక్కా పారెయ్యొద్దని బావతో చెప్పు. నీ పేరుకు ముందు మన ఇంటిపేరు పెట్టనా, బావదా? వెంటనే రాయి. పక్కన దర్జీ అని మాత్రం నిన్ను అడక్కుండానే రాసేశాను.

నీ చెల్లి