బండికి తగిలింది దిష్టి కాదు

ఇస్నాపూర్

అమ్మా, నేనూ నీ కోడలూ క్షేమం. ఫోన్‌లో నీకు సగమే వినబడుతుందని ఈ కార్డు రాస్తున్నాను.

నా పాత స్పోర్ట్స్ బండికి దిష్టి తగిలింది, అమ్మెయ్యమన్నావు కదా. రెండు బ్యాటరీలు మార్చినా ఛార్జింగ్ నిలవలేదు. నిన్న మా కంపెనీ ఎలక్ట్రీషియన్ యాదగిరి సీటు విప్పి మీటరు పెట్టాడు. ఇంజను దగ్గర కరెంటు బాగానే ఉంది, బ్యాటరీకే చేరడం లేదు. మధ్యలో వైర్లు కలిసే ప్లగ్గు చిలుము పట్టి కాలిపోయింది. దానిమీద ఎండిన కుంకుమ!

"కొబ్బరి నీళ్లు గిట్ల సీటు మీద ఎవలు పోసిండ్రే?" అన్నాడు.

"మా అమ్మ. పోయిన దసరా పూజకు" అన్నాను.

కొత్త ప్లగ్గు వేశాక బండి ఒక్క బటన్‌కే లేచింది. ఇక దీన్ని అమ్మేది లేదు.

పత్తిలో కలుపు అయిందా? మామిడి తొక్కు ఇంకో డబ్బా తీసిపెట్టు. దసరాకు ఈ బండి మీదే వస్తున్నాం. పూజ నువ్వే చెయ్యాలి, కొబ్బరి నీళ్లు మాత్రం చక్రం మీదే పొయ్యాలి.

దండాలతో,
నీ కొడుకు నర్సింలు